తోబుట్టువుల పెళ్ళిళ్ళ చార్టుల సెట్టు: గీత కుదిరింది, వరస తప్పింది

తిరుపతిలో యూనివర్సిటీ వైపు జిరాక్స్ అంగళ్ళలో ఈ చార్టుల సెట్టు దొరుకుతోంది. విషయం వినడానికి ఎబ్బెట్టుగానే ఉంటుంది. చరిత్రలోనూ పురాణాల్లోనూ తోబుట్టువులు పెళ్ళాడిన సందర్భాలను దేశాల వారీగా వంశవృక్షాలుగా గీశారు. పన్నెండు షీట్లు, 32 పేజీల చేతిపుస్తకం, ఒక పొట్లం స్టిక్కర్లు కలిపి 650 రూపాయలు. ఆంత్రోపాలజీ, చరిత్ర చదివే పీజీ పిల్లలూ, పోటీ పరీక్షలకు తయారయ్యేవాళ్ళూ, క్లాసు గోడకు తగిలించుకునే లెక్చరర్లూ కొనదగిన సరుకే. అయితే ఇది ఇంగ్లీషు నుంచి దించిన సరుకని మొదటి షీటు చూడగానే తెలుస్తుంది. దీని చెడు సగానికి పైగా ఆ దించడంలోనే ఉంది.

చిత్తూరు జిల్లాలో ఆరేళ్ళ పిల్లను అడిగినా చెబుతుంది: చిన్నాయన కూతురు చెల్లెలు, మేనత్త కూతురు మరదలు. మొదటిది పెళ్ళి మాట తలపెట్టకూడని వరస, రెండోది ఎదురుచూసే వరస. ఇంగ్లీషులో ఇద్దరూ కజిన్లే. ఇది ఒక చిక్కు. రెండోది ఇంకా పెద్ద చిక్కు. మన 'చెల్లెలు' అనే మాటలో ఒకే కడుపున పుట్టిన పిల్ల, సవతి తల్లి బిడ్డ, పిన్నమ్మ కూతురు, చిన్నాయన కూతురు అందరూ ఇముడుతారు. ఈ చార్టులు రాసినాయన మూలంలో సిస్టర్ అని ఉన్నచోటల్లా 'చెల్లెలు' అని వేశాడు, కజిన్ అని ఉన్నచోటల్లా 'కజిన్ సిస్టర్' అని వేశాడు. దాంతో అర్జునుడు, సుభద్ర 'కజిన్ సిస్టర్‌ను పెళ్ళాడినవాళ్ళ' గడిలో కూర్చున్నారు. కుంతి వసుదేవుడి చెల్లెలు, సుభద్ర వసుదేవుడి కూతురు. కాబట్టి అర్జునుడికి ఆమె మేనమామ కూతురు, శుద్ధమైన మేనరికం. ప్రద్యుమ్నుడు రుక్మి కూతుర్ని చేసుకోవడమూ అంతే. వీళ్ళను తోబుట్టువుల సెట్టులో పెట్టడమే పొరపాటు, ఆ పేరుతో పెట్టడం మరీ పొరపాటు.

ఈ తేడా మాటల పట్టింపు కాదు. పాత సమాజాల్లో చట్టం నిలబడిందే దానిమీద. ఏథెన్సులో తండ్రి ఒకడే, తల్లులు వేరైతే పెళ్ళి చెల్లేది. తల్లి ఒకతే అయితే చెల్లదు. స్పార్టాలో సరిగ్గా తలకిందులు, తల్లి ఒకతై తండ్రులు వేరైతే సరే అని అలెగ్జాండ్రియా తత్వవేత్త ఫైలో రాశాడు. బైబిలు ఆదికాండం 20వ అధ్యాయంలో అబ్రాహాము శారా గురించి చెప్పుకునేదీ ఇదే: ఆమె నా తండ్రి కూతురే గాని నా తల్లి కూతురు కాదు. తర్వాత లేవీయకాండం 18వ అధ్యాయం తండ్రి కూతురైనా, తల్లి కూతురైనా కూడదని రెండు తలుపులూ మూసేసింది. ఖురాన్ నాలుగో సూరాలో అక్కచెల్లెళ్ళతో పాటు ఒకే తల్లి పాలు తాగిన పాలచెల్లెలు కూడా నిషేధమే. సయాం (నేటి థాయిలాండ్) రాజు చులాలాంగ్‌కోర్న్ రాణుల్లో సునంద, సవాంగ్, సౌవభ ముగ్గురూ ఆయన తండ్రి మోంగ్‌కుట్ కూతుళ్ళే, కానీ తల్లి వేరు. చార్టులో వీళ్ళందరి కింద ఒకే ఒక్క 'చెల్లెలు'. చదివేవాడికి ఏథెన్సు చట్టం అర్థం కాదు, శారా సంగతి అర్థం కాదు.

సరిదిద్దుకోవడం కష్టం కాదు. మూడు రంగుల స్కెచ్ పెన్నులు చాలు. తల్లీ తండ్రీ ఇద్దరూ ఒకరే అయితే ఎరుపు, తండ్రి మాత్రమే ఒకడైతే నీలం, తల్లి మాత్రమే ఒకతైతే ఆకుపచ్చ అనుకుని ప్రతి జంట మీదా చుక్క పెట్టుకుంటే సెట్టు విలువ రెట్టింపవుతుంది. లామినేషన్‌కు ముందే పెట్టుకోవాలి.

ఇక సరుకు సంగతి. షీటు ఏ2 సైజు, అంటే 42 × 59.4 సెంటీమీటర్లు. 170 జీఎస్ఎం ఆర్ట్ పేపరు, ఒకవైపు ముద్రణ. పది అడుగుల దూరం నుంచి పేర్లు చదవవచ్చు, తేదీలు చదవలేం. చుట్టి గొట్టంలో ఇస్తారు. ఇంటికి తేగానే బోర్లా పరిచి నాలుగు మూలలా బరువు పెట్టి ఒక రాత్రి వదిలేయకపోతే అంచులు లేస్తాయి. మెరుపు లామినేషన్ చేయించవద్దు, ట్యూబులైటు ప్రతిఫలించి మధ్య వరుస కనిపించదు, మ్యాట్ చేయించాలి. మే నెల ఎండకు గోడ వేడెక్కితే రెండువైపులా అంటుకునే టేపు జిగురు కరిగి చార్టు కింద పడుతుంది, పైగా సున్నం ఊడదీసుకుని పోతుంది. పైనా కిందా ప్లాస్టిక్ పట్టీలు వేయించి మేకుకు తగిలించడమే మేలు.

మొదటి షీటు గుర్తుల పట్టిక. ఇక్కడొక ఉచ్చు ఉంది. మానవశాస్త్రంలో త్రికోణం మగ, వృత్తం ఆడ, రెండు అడ్డగీతలు (సమానం గుర్తు) అంటే ఉత్త పెళ్ళి. జన్యుశాస్త్రంలో చదరం మగ, వృత్తం ఆడ, ఒక గీత పెళ్ళి. రెండు గీతలంటే రక్త సంబంధంలో పెళ్ళి. ఈ సెట్టులో ఒకటి నుంచి ఎనిమిదో షీటు దాకా మొదటి పద్ధతి, తొమ్మిది, పది షీట్లలో రెండో పద్ధతి. ఆ మార్పు ఎక్కడా చెప్పలేదు. దాంతో నాలుగో షీటులో బయటి దేశం నుంచి వచ్చిన రాణికి కూడా రెండు గీతలు కనిపిస్తాయి. పదో షీటు చదివి వచ్చిన విద్యార్థి ఆమెను కూడా చుట్టమే అనుకుంటాడు. పరీక్షలో మార్కులు పోయే తప్పు ఇది. మొదటి షీటు కింద 'షీటు 9, 10: చదరం = మగ; రెండు గీతలు = చుట్టరికపు పెళ్ళి' అని చేత్తో రాసుకోండి.

నాలుగో షీటు, ఈజిప్టును ఏలిన గ్రీకు రాజుల టాలెమీ వంశం, మొత్తం సెట్టులో అందంగా గీసింది. తల్లుల గీతలకు వేరువేరు రంగులు, పాలించిన సంవత్సరాలు, ఒక్కో రాణికి ఒక్కో బిరుదు. తప్పు కూడా ఇక్కడే పెద్దది పడింది. రెండో టాలెమీ, రెండో ఆర్సినో ఒకే తల్లిదండ్రుల బిడ్డలు: మొదటి టాలెమీ, మొదటి బెరెనికే. రెండో ఆర్సినో అంతకుముందు లైసిమాకస్ అనే రాజు భార్య, తర్వాత కొన్నాళ్ళు సవతి సోదరుడు కెరౌనోస్ భార్య. చివరికి ఈజిప్టుకు చేరి తమ్ముణ్ణి పెళ్ళాడింది. గ్రీకు లోకం దీన్ని తేలిగ్గా మింగలేదు. సోటాడిస్ అనే కవి బూతు పద్యం కట్టి ప్రాణం పోగొట్టుకున్నాడు. థియోక్రిటస్ అనే మరో కవి తోబుట్టువులూ దంపతులూ అయిన దేవతలు జ్యూస్, హీరా జంటతో పోల్చి మెప్పు పొందాడు. ఆస్థానంలో ఏ పద్యం చదవాలో తెలిసినవాడు థియోక్రిటస్.

ఈ జంటకు పిల్లలు లేరు. మూడో టాలెమీ రెండో టాలెమీ మొదటి భార్యకు, అంటే లైసిమాకస్ కూతురైన మొదటి ఆర్సినోకు పుట్టాడు. కానీ అధికారిక శాసనాల్లో అతణ్ణి 'తోబుట్టు దేవతల', అంటే రెండో టాలెమీ, రెండో ఆర్సినోల, కొడుకుగా చెప్పుకున్నారు. చార్టు వేసినాయన శాసనాన్ని నమ్మి అతణ్ణి రెండో ఆర్సినో కింద వేలాడదీశాడు. అక్కడితో ఆగలేదు. మూడో టాలెమీ భార్య రెండో బెరెనికేకు 'సోదరి' అనే బిరుదు ఉంది, కాబట్టి ఆమెను కూడా అదే జంట కింద పెట్టాడు. ఆమె సిరీన్ (నేటి లిబియాలో ఉంది) రాజు మాగస్ కూతురు. మాగస్ మొదటి బెరెనికేకు ముందు పెళ్ళిలో పుట్టిన కొడుకు. అంటే రెండో టాలెమీకి తల్లి ఒకతే అయిన అన్న. మన వరసలో చెబితే బెరెనికే మూడో టాలెమీకి పెదనాయన కూతురు, అదీ సగం రక్తం. మనకు చెల్లెలే, వాళ్ళకు చెల్లెలు కాదు. బిరుదుకు మాత్రం చెల్లెలు.

దీంతో అంకెలు ఎంత తారుమారయ్యాయో చూడండి. షీటు అంచున వేసిన అంతఃప్రజనన గుణకాలు (తల్లిదండ్రుల రక్తసంబంధం ఎంత దగ్గరిదో బిడ్డకు వేసే అంకెలు) వరసగా 1/4, 3/8, 1/2. మూడు తరాలు ఒకే తల్లిదండ్రుల బిడ్డల మధ్య పెళ్ళయితే రావలసిన వరుస అది. దగ్గరి చుట్టరికాలు మాత్రమే లెక్కపెడితే నిజమైనవి ఇవి: మూడో టాలెమీకి సున్నా. నాలుగో టాలెమీకి 1/32. నాలుగో టాలెమీ తన సొంత చెల్లెలు మూడో ఆర్సినోను చేసుకున్నాడు కాబట్టి వాళ్ళ కొడుకు ఐదో టాలెమీకి 17/64, అంటే పావు కంటే కాస్త ఎక్కువ. ఐదో టాలెమీ సిరియా రాజు కూతుర్ని తెచ్చుకున్నాడు కాబట్టి మళ్ళీ తగ్గుతుంది. కొన్ని తరాల తర్వాత వచ్చిన ఏడో క్లియోపాత్రా, మనకు తెలిసిన క్లియోపాత్రా, పదమూడో టాలెమీ, పద్నాలుగో టాలెమీ అనే ఇద్దరు తమ్ముళ్ళకూ ఒకరి తర్వాత ఒకరికి పేరుకు భార్య. పిల్లలు మాత్రం సీజరుకూ ఆంటొనీకీ. చార్టు ఈ చివరి సంగతి సరిగ్గానే వేసింది.

లెక్క ఎలా వేయాలో పదో షీటులో ఉంది. ఇది అచ్చంగా మంచి షీటు. పద్ధతి: తండ్రి దగ్గర బయల్దేరి, ఇద్దరికీ కామన్‌గా ఉన్న పూర్వీకుడి దాకా పైకెక్కి, అక్కణ్ణుంచి తల్లి దాకా దిగాలి. ఆ దారిలో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టాలి, బిడ్డను లెక్కలోకి తీసుకోకూడదు. అన్ని సగాలను ఒకదానితో ఒకటి గుణించాలి. ఎన్ని దారులుంటే అన్నీ కూడాలి. సొంత తోబుట్టువులైతే అన్న, తండ్రి, చెల్లెలు ముగ్గురు, కాబట్టి 1/8, తల్లి మీదుగా మరో 1/8, మొత్తం 1/4. తండ్రి మాత్రమే ఒకడైతే ఒక్క దారే, 1/8. మేనమామ, అక్క కూతురు అయితే మామ, తాత, అక్క, అక్క కూతురు నలుగురు, 1/16, అవ్వ మీదుగా ఇంకో 1/16, మొత్తం 1/8. మేనత్త, మేనమామ బిడ్డలైతే దారిలో ఐదుగురు, రెండు దారులకు 1/16. ఆ పూర్వీకుడే దగ్గరి చుట్టాల బిడ్డ అయితే అతని గుణకాన్ని ఒకటికి కలిపి ఆ దారిని గుణించాలి. చాలామంది మరిచేది ఇదే.

సవతి తల్లుల బిడ్డలూ, మేనమామా అక్క కూతురూ ఒకే అంకె, 1/8. జన్యువులకు వరస తెలియదు. చిన్నాయన కూతురుకూ మేనమామ కూతురుకూ కూడా అంకె ఒకటే, 1/16. ఒకటి మనకు తప్పు, ఒకటి మనకు ముచ్చట. షీటులో ఇది బోల్డు అక్షరాల్లో ఉండాల్సింది, చిన్న అక్షరాల్లో మూల పడేశారు. ఇంకో లోటు: ఆ గుణకం దేనికో చెప్పలేదు. ఒక జన్యువుకు బిడ్డ దగ్గర ఉండే రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి ఒకే ప్రతి నుంచి దిగినవి అయ్యే అవకాశం అది. 1/16 అంటే పదహారు మంది పిల్లల్లో ఒకరికి జబ్బు అని కాదు. ఒక ప్రత్యేకమైన దాగుడు జబ్బుకు (రెండు ప్రతులూ చెడితేనే బయటపడేది) తల్లీ తండ్రీ ఇద్దరూ వాహకులైతే, అంటే ఒక్కో చెడ్డ ప్రతి మోసేవాళ్ళయితే, ప్రతి కాన్పుకూ నాలుగింట ఒక వంతు అవకాశం; ఇది వేరే లెక్క. ఈ రెంటినీ కలగలిపేవాళ్ళు క్లాసుకు పదిమంది ఉంటారు.

తొమ్మిదో షీటులో స్పెయిన్ రెండో చార్లెస్‌ను చేర్చడం తెలివైన పని. ఆయన వంశంలో తోబుట్టువుల పెళ్ళి ఒక్కటీ లేదు. తండ్రి నాలుగో ఫిలిప్, తల్లి మరియానా, ఆమె ఫిలిప్‌కు సొంత చెల్లెలి కూతురు. ఒక్క ఆ పెళ్ళికే అయితే 1/8 రావాలి. కానీ అంతకు ముందు తరాల్లో మేనమామ, చిన్నాయన పెళ్ళిళ్ళు, మేనరికాలు పోగుపడి 2009లో వచ్చిన ఒక అధ్యయనం లెక్కకు గుణకం దాదాపు 0.25 దాకా పోయింది, అంటే అన్నాచెల్లెళ్ళ బిడ్డతో సమానం. ఆయన 1700లో సంతానం లేకుండా పోవడంతో వారసత్వం కోసం యూరప్ అంతా యుద్ధానికి దిగింది. అక్క బిడ్డను చేసుకోవడం మామూలైన మన ప్రాంతంలో ఈ షీటు దగ్గర ఎక్కువసేపు ఆగాలి: ఒక పెళ్ళి సంగతి వేరు, ఒకే ఇంట్లో తరం తర్వాత తరం అదే పెళ్ళి సంగతి వేరు.

మూడో షీటు పాత ఈజిప్టు. రెండో థుట్మోస్, హత్షెప్సుత్ తండ్రి ఒకడే, మొదటి థుట్మోస్, తల్లులు వేరు. చార్టులో సొంత చెల్లెలి గుర్తు ఉంది, నీలం చుక్కతో మార్చుకోండి. తుతంఖామన్‌కు తల్లిగా నెఫర్టిటి పేరు వేశారు. 2010లో ప్రచురించిన డీఎన్ఏ పరీక్షల ప్రకారం అతని తల్లి, 'చిన్న వయసు స్త్రీ' అని పిలిచే మమ్మీ, అతని తండ్రి మమ్మీకి సొంత తోబుట్టువు. ఇద్దరూ మూడో అమెన్‌హోటెప్, టియే దంపతుల బిడ్డలు. నెఫర్టిటికి 'రాజు కూతురు' అనే బిరుదు ఏ శాసనంలోనూ లేదు, కాబట్టి ఆమెను ఆ దంపతుల బిడ్డ అనలేం. ఆ గడిలో పేరు కొట్టేసి 'పేరు తెలియదు' అని రాయడం నిజాయితీ. ఇంకో మాట, ఆ కాలపు ప్రేమ పద్యాల్లో ప్రియురాలిని 'సోదరీ' అని పిలవడం అలవాటు. 'సోదరి' అని రాసి ఉంటే చాలు రక్తసంబంధమే అనుకుంటే మోసపోతాం.

ఐదో షీటు గురించి ఎవరూ మాట్లాడరు గానీ అసలైన వింత అక్కడుంది. రోమను పాలనలోని ఈజిప్టులో రాజులు కాదు, రైతులూ చేతిపనివాళ్ళూ తోబుట్టువులను చేసుకున్నారు. పద్నాలుగేళ్ళకోసారి జనాభా లెక్కలు తీసేవారు. ఆ పపైరస్ కాగితాల్లో మిగిలినవాటిని బట్టి నమోదైన పెళ్ళిళ్ళలో దాదాపు ఆరో వంతు ఇలాంటివే. వాటిలో భార్య గురించి 'ఒకే తండ్రికీ ఒకే తల్లికీ పుట్టిన నా సోదరి' అని విడమరిచి రాసేవారు. రెండు వేల ఏళ్ళ కిందటి గుమాస్తాకు ఉన్న జాగ్రత్త ఈ చార్టు రాసినాయనకు లేకపోయింది. 212లో రోమను పౌరసత్వం అందరికీ వచ్చింది, దాంతో పాటు తోబుట్టువుల పెళ్ళిని ఒప్పుకోని రోమను చట్టమూ వచ్చింది. 295లో డయొక్లీషియన్ శాసనం దగ్గరి చుట్టాల పెళ్ళిళ్ళను గట్టిగా నిషేధించింది.

ఎందుకు చేసుకున్నారన్నది పండితులు ఇంకా తేల్చుకోలేదు. ఆస్తి చీలకుండా అని కొందరు. కొడుకులు లేని ఇంట అల్లుణ్ణి దత్తత తీసుకుని కొడుకుగా రాయించడం వల్ల కాగితం మీద భార్యాభర్తలు అన్నాచెల్లెళ్ళయ్యారని ఇంకొందరు. రాయలసీమవాళ్ళకు రెండో వాదన చటుక్కున అర్థమవుతుంది. ఇల్లటం అల్లుణ్ణి తెచ్చుకుని కొడుకుతో సమానంగా ఆస్తి ఇవ్వడం ఇక్కడి రెడ్లలో, కమ్మవాళ్ళలో ఎప్పటినుంచో ఉన్నదే. అయితే ఇల్లటంలో అల్లుణ్ణి ఎవరూ కొడుకని రాయించరు, పోలిక అంతవరకే. చేతిపుస్తకంలో ఈ వాదాన్ని ఒక్క వాక్యంలో తేల్చేశారు. ఎదురువాదం, అంటే దత్తత అయితే 'ఒకే తల్లికి' అని ఎందుకు రాస్తారనే ప్రశ్న, అసలు లేదు.

రెండో షీటు దేవతలది. రంగులు బాగున్నాయి, సరుకు పలచన. ఈజిప్టులో షూ, టెఫ్నుత్, గెబ్, నుత్, ఒసైరిస్, ఐసిస్, సెత్, నెఫ్తిస్. గ్రీకుల్లో క్రోనస్, రియా, వాళ్ళ బిడ్డలు జ్యూస్, హీరా. 712లో పూర్తయిన జపాన్ కొజికిలో ఇజానాగి, ఇజానామి. చైనాలో ఫుషి, నూవా: జలప్రళయం తర్వాత మిగిలిన అన్నాచెల్లెళ్ళు, దైవసమ్మతి తెలుసుకోవడానికి రెండు కొండల మీంచి తిరగలి రాళ్ళు దొర్లిస్తే అవి కింద ఒకదానిమీద ఒకటి కూర్చున్నాయని ఒక కథ. ఉత్తర యూరప్‌లో న్యోర్డ్ తన చెల్లెల్ని చేసుకున్నాడు. వానిర్ దేవతల్లో అది చెల్లుబాటు, ఏసిర్ దేవతల్లో కాదు. వీటన్నిటికీ చేతిపుస్తకం 'ప్రాచీనుల ఆచారానికి అద్దం' అని ముద్ర వేసింది. కాదు. లోకంలో ఇద్దరే ఉన్నప్పుడు వాళ్ళకు వేరే సంబంధం దొరకదు. సృష్టి కథకు అది తప్పనిసరి, ఆచారానికి సాక్ష్యం కాదు.

ఆరో షీటు మన దేశానిది. కొనేవాళ్ళు ముందు విప్పేది దీన్నే. పైవరసలో యముడు, యమి, మధ్యన రెండు గీతలు. ఇది క్షమించరాని తప్పు. ఋగ్వేదం పదో మండలం పదో సూక్తంలో పద్నాలుగు మంత్రాలున్నాయి. అందులో యమి అడుగుతుంది, యముడు ఒప్పుకోడు, మరొకరిని వెతుక్కోమంటాడు. పెళ్ళి జరగలేదన్నదే ఆ సూక్తం సారం. కార్తీక శుద్ధ విదియ నాడు చెల్లెలి చేతి భోజనం తినే భగినీ హస్త భోజనం కూడా ఆ అన్నాచెల్లెళ్ళ పేరుమీదే. తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మను వెంకన్న చెల్లెలంటారు. జాతరకు పుట్టింటి సారె వెళుతుంది. ఈ గడ్డమీద అన్నా చెల్లెలి కథ భోజనం దగ్గరా సారె దగ్గరా ఆగుతుంది. ఇరాన్ వైపు అదే కథ ఇంకో దారి పట్టింది. అక్కడి బుందహిష్న్ గ్రంథంలో జమ్, అతని చెల్లెలు జమగ్ దంపతులు. రెంటినీ పక్కపక్కన పెట్టి ఒకదానికి తెగిన గీత, ఒకదానికి రెండు గీతలు వేసి ఉంటే అద్భుతమైన షీటు అయ్యేది.

కింది వరసలు మెరుగు. బౌద్ధుల దీఘనికాయంలోని అంబట్ఠ సుత్తం: ఒక్కాకుడు అనే రాజు వెళ్ళగొట్టిన కొడుకులు వంశం కల్తీ అవుతుందనే భయంతో అక్కచెల్లెళ్ళనే చేసుకున్నారు, బుద్ధుడు పుట్టిన శాక్యులు వాళ్ళ సంతతి. శ్రీలంక చరిత్ర చెప్పే మహావంశంలో సింహబాహు, సింహసీవలి తోబుట్టువులు, వాళ్ళ పెద్ద కొడుకు విజయుడు లంకకు వెళ్ళాడు. దశరథ జాతకంలో రాముడు, లక్ష్మణుడు, సీత ముగ్గురూ దశరథుడి బిడ్డలు, చివర సీత రాముడికి రాణి అవుతుంది. ఈ గడికి 'రామాయణం' అని శీర్షిక పెట్టి ఊరుకున్నారు. అది వాల్మీకి కథ కాదు, బౌద్ధుల పాలి కథ అన్న మాట పెద్దక్షరాల్లో లేకపోతే గోడకు తగిలించిన మర్నాడే గొడవ. బోధాయన ధర్మసూత్రం దక్షిణాదివాళ్ళ ఆచారాల్లో మేనమామ కూతుర్ని, మేనత్త కూతుర్ని చేసుకోవడాన్ని ప్రత్యేకంగా ఎత్తి చెప్పిన సంగతి ఈ షీటుకు ఎంతో అక్కరైనది, అది లేదు.

ఏడు, ఎనిమిది షీట్లు పర్షియా, కారియా (నేటి టర్కీలో), దక్షిణ అమెరికాలోని ఇంకా సామ్రాజ్యం, హవాయి. పర్షియా రాజు కాంబైసిస్ చెల్లెల్ని చేసుకోవాలనుకుని న్యాయాధిపతులను అడిగితే, అన్న చెల్లెల్ని చేసుకోవచ్చనే చట్టం మాకు దొరకలేదు గానీ పర్షియా రాజు ఇష్టం వచ్చింది చేయవచ్చనే చట్టం దొరికిందని జవాబిచ్చారట, గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ మాట. కారియాలో మౌసోలస్, ఆర్టెమీసియా తోబుట్టువులూ దంపతులూ. ఆయన సమాధి నుంచే మౌసోలియం అనే మాట పుట్టింది. ఇంకాల మూలపురుషుడు మాన్కో కాపాక్, మామా ఒక్లో కథ పురాణం. ఆఖరి తరాల చక్రవర్తులు సొంత చెల్లెల్ని 'కోయా'గా, అంటే పట్టపు రాణిగా, చేసుకోవడం చరిత్ర. చార్టు రెంటికీ ఒకే రంగు వేసింది. హవాయిలో సొంత తోబుట్టువుల బిడ్డకు అందరికంటే పై హోదా, ఎదురైతే జనం సాష్టాంగపడాలి. అక్కడి రాజు మూడో కమేహమేహ, అతని చెల్లెలు నాహియెనాయెనా మధ్యకు క్రైస్తవ మిషనరీలు వచ్చారు. ఆమె 1836లో చనిపోయింది. వీళ్ళ బొమ్మలు బాగా వచ్చాయి.

పదకొండో షీటు చట్టం. హిందూ వివాహ చట్టం, 1955 నిషేధించిన వరసల జాబితా వేసి ఊరుకున్నారు. అందులో అన్నాచెల్లెళ్ళతో పాటు మేనమామా మేనకోడలూ, అన్నాచెల్లెళ్ళ బిడ్డలూ ఉన్నారు. అంటే మన మేనరికం మొత్తం ఆ జాబితాలోనే ఉంది. దీన్ని చూసి తమ ఇంటి పెళ్ళి చెల్లదేమోనని బెంబేలెత్తేవాళ్ళుంటారు. 5వ సెక్షన్ నాలుగో ఖండంలోనే, ఇద్దరికీ వర్తించే ఆచారం ఒప్పుకుంటే తప్ప అనే మినహాయింపు ఉంది. ఇద్దరికీ అన్నది ముఖ్యం, ఒకవైపు ఆచారం ఉంటే చాలదు. సపిండం, అంటే పెళ్ళికి కూడని రక్తసంబంధపు పరిధి, తండ్రి వైపు ఐదు తరాలు, తల్లి వైపు మూడు. దానికీ అదే మినహాయింపు. ఆచారం లేకుండా చేసుకుంటే 11వ సెక్షన్ కింద పెళ్ళే చెల్లదు, 18వ సెక్షన్ కింద నెల దాకా సాధారణ జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. రిజిస్టరు ఆఫీసులో 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద చేసుకునేవాళ్ళకు ఆచారం అంటే రాష్ట్ర ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించినదే. తోబుట్టువులకు అలాంటి ఆచారం ఇక్కడ ఏ కులంలోనూ లేదు కాబట్టి వాళ్ళకు ఈ మినహాయింపు మాటే రాదు.

పన్నెండోది ఖాళీ షీటు, 'మీ ఇంటి వంశవృక్షం'. నలభై త్రికోణాలు, నలభై వృత్తాలు స్టిక్కర్లు. నాలుగు తరాలకు సరిపోతాయి, మేనరికాలున్న ఇంటికైతే మిగులుతాయి కూడా. అవ్వాతాతలు రెండువైపులా వాళ్ళే కదా. క్లాసులో పిల్లల చేత దీన్ని నింపించి టాలెమీ షీటు పక్కన తగిలించే ఆలోచన ఉంటే మానుకోండి. అమ్మానాన్నలు మేనమామా మేనకోడలూ అయిన పిల్లలు ప్రతి బెంచీలో ఉంటారు, పక్కవాడు క్లియోపాత్రా అని పేరు పెట్టడానికి ఒక్క నిమిషం పట్టదు. ఇంటి దగ్గర నింపుకోవచ్చు. ముందు పెన్సిలుతో పేర్లు, తర్వాత స్టిక్కర్లు. అంటించాక పీకితే కాగితం చిరుగుతుంది. దత్తతకు చుక్కల గీత. రెండో పెళ్ళి పిల్లలకు తల్లి గీత వేరుగా. అవ్వను అడిగేటప్పుడు ఆయన నీకేమవుతాడు అని అడగొద్దు, వాళ్ళమ్మ ఎవరు, వాళ్ళ నాయన ఎవరు అని అడగండి. లేకపోతే ఊరంతా అన్నలూ బావలే తేలతారు.

విడిగా అడిగితే షీటు 70 రూపాయలకు ఇస్తున్నారు. 4, 5, 9, 10 తీసుకుంటే 280. ఆరో షీటు తప్పులు దిద్ది మళ్ళీ వేసేదాకా ఆగవచ్చు.